డ్రమ్స్ వాయిస్తుంటే చేతికి బొబ్బలు, రాత్రిళ్లు తిమ్మిరి.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 23. మిత్రులతో కలిసి రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తాను. రోజూ మూడు గంటలు సాధన చేస్తుంటే చూపుడు వేలి మొదట్లో బొబ్బలు లేస్తున్నాయి. చెమటకు స్టిక్ జారిపోతోంది. నెల రోజులుగా రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. లావు స్టిక్స్ కొనాలా, గ్లోవ్స్ వేసుకోవాలా?

జవాబు: మీరు చివర్లో రాసిన తిమ్మిరి గురించే ముందు చెబుతాను. బొబ్బ కొద్ది రోజుల్లో మానుతుంది గానీ, నరం మీద ఒత్తిడిని నెలల తరబడి పట్టించుకోకపోతే బొటనవేలి కింది కండ క్షీణించే ప్రమాదం ఉంది. తిమ్మిరి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేళ్లలోనే ఉండి, చేయి విదిలిస్తే తగ్గుతున్నట్లయితే, అది మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం వల్ల వచ్చే కార్పల్ టనెల్ సమస్య కావచ్చు. ఎముకల వైద్యుణ్ని గానీ న్యూరాలజిస్టును గానీ త్వరగా కలవండి. ఈలోగా రాత్రిపూట మణికట్టు వంగకుండా స్ప్లింట్ (ఆసరా పట్టీ) కట్టుకుని పడుకోండి.

బొబ్బకూ తిమ్మిరికీ మూలం ఒకటే అయి ఉండవచ్చు: జారిపోతుందన్న భయంతో స్టిక్‌ను బిగించి పట్టుకోవడం. స్నేర్ (డ్రమ్ సెట్‌లో మీ ముందుండే చిన్న డ్రమ్) మీద నెమ్మదిగా ఒక దెబ్బ వేసి చూడండి. స్టిక్ తనంతట తాను పైకి లేవాలి. లేవకుండా మీ పిడికిలి ఆపుతుంటే ఆ అదురంతా మణికట్టుకే చేరుతుంది. మందం సుమారు 14.4 మి.మీ. ఉండే 5ఏ సైజు స్టిక్ వాడుతున్నట్లయితే, సుమారు 15 మి.మీ. ఉండే 5బి ప్రయత్నించవచ్చు, పిడికిలి అంతగా ముడుచుకోనక్కర్లేదు. అంతకన్నా లావైన 2బి, బరువైన ఓక్ కర్ర మాత్రం ఇప్పుడు వద్దు. హికరీ కర్ర అదురును బాగా తట్టుకుంటుంది. నున్నటి వార్నిష్ పూత చెమటకు జారుతుందనిపిస్తే పూత లేనివి ఎంచుకోండి.

గ్లోవ్స్ తప్పు కాదు గానీ, వదులుగా ఉన్నా, చెమటకు తడిసినా లోపల ముడతలు పడి అవే చర్మాన్ని ఒరిపిస్తాయి. నా ఉద్దేశంలో, వాయించే ముందు చేతులు ఆరబెట్టుకుని, ఒరిపిడి తగిలే చోట గుడ్డ టేపును బిగుతు లేకుండా అంటించుకోవడం మేలు. చిట్లని బొబ్బను అలాగే వదిలేయండి. చిట్లితే సబ్బు నీళ్లతో కడిగి, పైచర్మాన్ని పీకకుండా వాజలైన్ రాసి, పుండుకు అంటుకోని డ్రెస్సింగ్ వేయండి. చీము పట్టినా, ఎర్రటి చారలు పైకి పాకినా, జ్వరం వచ్చినా స్టిక్స్ పక్కన పెట్టి అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి.