నాన్నగారి జావాకు పన్నెండు వోల్టులు

ప్రశ్న: మా నాన్నగారు 1971లో కొన్న జావా 250 మోటార్‌సైకిల్ ఇరవై రెండేళ్లుగా మా పాకలో ఉండిపోయింది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనీ, 12 వోల్టుల వైరింగు, ఎల్‌ఈడీ లైట్లు, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు పెట్టించాలనీ ఉంది. పాత ఇంజిన్ తీసేసి ఈ కాలపు ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ బిగిస్తే ఏ చికాకూ ఉండదని ఇక్కడి మెకానిక్ అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: ఇంతవరకు ఎవరూ కిక్కు కొట్టి ఉండకపోతే ఇకమీదట కూడా కొట్టనివ్వకండి. ఇన్నేళ్లు కదలని సిలిండర్ గోడలకూ క్రాంకు బేరింగులకూ తుప్పు పట్టి ఉంటుంది కనుక, బలవంతంగా తిప్పితే పిస్టన్ రింగులు విరగవచ్చు, సిలిండర్ గోడకు గీతలు పడవచ్చు. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో కొంచెం డీజిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి పోసి, రెండు మూడు రోజులు నాననిచ్చిన తరువాత చేత్తో మెల్లగా తిప్పి చూడాలి.

ఇంజిన్ మార్చమన్న సలహాను పక్కన పెట్టండి. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. మీ విషయంలో ఇంకొక కారణం కూడా ఉంది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని ‘వింటేజ్’ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. దానికి రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే చాసిస్‌లో గాని ఇంజిన్‌లో గాని పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఆ నమోదుతో ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజూ తిరగడానికి వీల్లేదు కాబట్టి, సంతకు వెళ్లిరావడానికి కూడా బండి కావాలనుకుంటే మామూలు ఆర్‌సీనే పునరుద్ధరించుకోవడం మేలు. ఏ దారి ఎంచుకున్నా ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్‌సీలో ఉన్నట్టే ఉండాలి. మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం 1961లో మొదలై 1996లో మూతపడింది గనుక, పోగొట్టుకున్న అసలు ఇంజిన్‌ను మళ్లీ సంపాదించుకోవడం తేలిక కాదు.

నా దృష్టిలో ఇటువంటి బండికి చేయదగిన మార్పు ఏదంటే, బోల్టులు విప్పితే పాత రూపు తిరిగి వచ్చేది. కోసి, అతికి, వెల్డింగు చేసి పెట్టేది ఏదీ అందులోకి రాదు. ఈ కొలతతో చూస్తే మీ జాబితాలో 12 వోల్టుల మార్పు అన్నిటికన్నా ముందు చేయదగినది.

మీ బండిలో క్రాంకు కుడి కొసన ఉన్న డైనమో 6 వోల్టుల వద్ద 45 వాట్లు ఇస్తుంది, అంటే ఏడున్నర ఆంపియర్లు. అంతే శక్తిని 12 వోల్టుల వద్ద పంపితే కరెంటు సగానికి తగ్గుతుంది, పాత తీగల్లో వృథా అయ్యేది నాలుగో వంతుకు దిగుతుంది. జావా హెడ్‌లైటు గుడ్డిదీపం అని పేరు తెచ్చుకోవడానికి సగం కారణం బల్బు కాదు, తీగలూ తుప్పుపట్టిన అతుకులూ. డైనమో స్థానంలో బిగించే అయస్కాంతపు రోటరు, సీడీఐ ఇగ్నిషన్ (స్పార్కును ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇచ్చే ఏర్పాటు) కలిసిన కిట్లు చెక్ దేశం నుంచి వస్తున్నాయి. వీటితో పాయింట్లు (స్పార్కు కోసం కరెంటును తెంచే స్విచ్చు ముక్కలు) గీకి, గ్యాపు సరిచూసుకునే పని తప్పుతుంది. బల్బులు, హారను, బ్యాటరీ కూడా 12 వోల్టులవే వేయాలి. తీసిన డైనమోను నూనె రాసి డబ్బాలో దాచండి. మీ తరువాతి వారికి అది కావలసి రావచ్చు. ఒక్క జాగ్రత్త: ఫ్రేముకు పౌడర్ కోటింగ్ చేయించిన తరువాత ఎర్త్ తీగ బిగించే చోట రంగు గీకకపోతే కరెంటు చుట్టు పూర్తికాదు. కొత్త వైరింగు వేసి కూడా లైటు వెలగలేదని తల పట్టుకున్నవారిని చాలామందిని చూశాను, వారిలో నేనూ ఒకణ్ణి.

ఎల్‌ఈడీని వెనుక లైటుకు నిస్సందేహంగా పెట్టుకోవచ్చు. ముందు లైటు విషయంలో తొందరపడవద్దు. పాత అద్దం, పాత రిఫ్లెక్టరు ఫిలమెంటు బల్బు కోసం తీర్చినవి కాబట్టి, చవకరకం ఎల్‌ఈడీ వేస్తే వెలుగు చెల్లాచెదురై ఎదుటివారి కళ్లలో పడుతుంది.

డిస్క్ బ్రేకు వద్దనే నా సలహా. దానికోసం ఫోర్కులు, హబ్బు, చివరికి 16 అంగుళాల చక్రం కూడా మార్చవలసి రావచ్చు. అప్పుడు మిగిలేది జావా ట్యాంకు మాత్రమే. డ్రమ్మును లేత్ మీద గుండ్రంగా తీయించి, కొత్త లైనర్లు వేసిన షూలను ఆ డ్రమ్ము వంపుకు సరిపోయేలా అరగదీయించి, కేబులు, క్యామ్ బుష్‌లు మార్పిస్తే ఈ బండి వేగానికి ఆ బ్రేకు చాలు.

ఇంజిన్ విప్పినప్పుడు క్రాంకు రెండు పక్కల ఆయిల్ సీళ్లను అవి బాగున్నట్టు కనిపించినా తప్పక మార్చండి. టూస్ట్రోక్ ఇంజిన్ కింది గదిలోనే గాలీ పెట్రోలూ ఒత్తిడికి లోనవుతాయి కనుక, డైనమో వైపు సీలు పోతే బయటి గాలి చొరబడి ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతుంది. చైను వైపు సీలు పోతే గేరు ఆయిలు లోపలికి చేరి తెల్లటి పొగ చిమ్ముతుంది.

ప్రశ్న: మా యెజ్డీకి (జావా తరువాత అదే మైసూరు కర్మాగారం తయారుచేసిన బండి) ఇప్పటి ఇథనాల్ పెట్రోలుతో ఇబ్బంది ఉంటుందా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఉంటుంది, కాని సరిదిద్దుకోవచ్చు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలనూ వాషర్లనూ మెత్తబరచి పాడుచేస్తుంది కాబట్టి వాటిని ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్పించండి. అది తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి బండి తీయనప్పుడు కార్బురేటరు ఖాళీ చేయాలి, ట్యాంకు లోపలి తుప్పును గమనిస్తూ ఉండాలి. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం పలచబడుతుంది కాబట్టి ప్లగ్గు మరీ తెల్లబారుతుంటే మెయిన్ జెట్టు (కార్బురేటరులో పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రం) ఒక మెట్టు పెంచమనండి. పెట్రోలులో ఆయిలును ఎప్పటిలాగే కలపండి. లీటరుకు 40 మిల్లీలీటర్లన్న పాత లెక్కను పొగ వస్తోందని సగానికి తగ్గించవద్దు.