రాయించబోయే చెల్లెమ్మకు

చెల్లెమ్మా,

కళ్యాణదుర్గం దగ్గరి బడిలో మూడు, నాలుగు తరగతుల పిల్లల చేత వారానికో పీరియడ్ సొంతంగా రాయించడానికి ఒప్పుకున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. నువ్వు కథలు రాసేదానివి గనక ఈ మాట ముందే చెప్తున్నా. నీ వాక్యం వాళ్ళ నోట్సుల్లోకి పోకూడదు. బోర్డు మీద నాలుగు మంచి వాక్యాలు రాసిచ్చావంటే అందరి నోట్సుల్లోనూ అవే ఉంటాయి. అది చూచిరాత. దస్తూరి కుదరడానికి పనికొస్తుంది, అంతే.

'మా ఊరి జాతర' అని ఇవ్వొద్దు, గైడులోని వాక్యాలు దిగుతాయి. 'జాతరలో కొనిమ్మని ఏడ్చిన వస్తువు ఏది?' అని అడుగు. 40 నిమిషాల పీరియడ్‌లో మొదటి 10 నిమిషాలు పెన్సిల్ పట్టనీయకు, పక్కనున్నోళ్ళకు చెప్పమను. నోటితో చెప్పుకోనిది ఆ వయసులో చేతికి రాదు. తర్వాత 15 నిమిషాలు రాత. మూడో తరగతికి నాలుగైదు వాక్యాలు చాలు. మిగతా టైమంతా చదివి వినిపించడానికే. లైను విడిచి లైను రాయించు. మన ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి. వరసగా రాస్తే రెండూ గుద్దుకుని, తాము రాసింది తామే చదవలేరు.

ఇక దిద్దడం. ఒక పాప ఇట్లా రాసిందనుకో: "మా అవ చెనికాయలు వలుస్తాంటే నేను ఇత్తనాలు తినేస్తి. బూమిలో ఏసేదానికి లేకుండా చేస్తివి కదే అని అవ కొట్టె." ఆ మాటతీరు తప్పు కాదు, దాన్ని ముట్టుకోవద్దు. 'వేరుశనగ కాయలు ఒలుచుచుండగా' అని మార్చావంటే అందులో అవ్వ ఉండదు. అసలు తప్పులు రెండు రకాలు. 'అవ', 'చెనికాయ'ల్లో ఒత్తు పోయింది. ఇది చెవికి దొరికే తప్పు. 'అవ్' దగ్గర ఆగి 'వ' అనిపించు, తనే పట్టుకుంటుంది. 'బూమి' అట్లా కాదు. ఇళ్ళల్లో మనం పలికేదే బూమి గనక ఎన్నిసార్లు పలికించినా 'భ' వినపడదు. దాన్ని కంటితోనే గుర్తుపట్టాలి. భూమి, ధర, కథ, ఘాటు లాంటి మాటలు అట్ట మీద పెద్దగా రాసి, రోజూ కనపడేచోట తగిలించు.

రెంటికీ కలిపి పదేసిసార్లు ఇంపోజిషన్ రాయించే అలవాటు బళ్ళలో ఉంది. దాంతో పిల్లలు తప్పొస్తుందనుకున్న మాటనే వదిలేస్తారు. చెనిక్కాయలు, ఇత్తనాలు పోయి 'ఆట', 'ఇల్లు' మిగుల్తాయి. ఒత్తు పోయినదానికంటే నాకు ఇదే ఎక్కువ బాధ.

అందుకే ఒకసారికి ఒక రకం తప్పే దిద్దు, అదీ పెన్సిల్‌తో, విడిచిన లైనులో. దానికన్నా ముందు కింద ఒక ప్రశ్న రాయి: 'అవ్వ కొట్టినాక ఏమైంది?' జవాబు రాసి కలుపుకుంటే అదే రెండో ప్రతి. వాక్యానికోసారి 'మళ్ళ' వస్తే కంగారు పడకు. పైకి చదివి వినిపించేకొద్దీ తగ్గుతుంది.

అస్సలు రాయలేని పిల్లోడుంటే, వాడు చెప్పింది చెప్పినట్టే నువ్వు రాసి, వేలు పెట్టి చదివించు. చివరి మాట మాత్రం వాడికి వదిలిపెట్టు. వారం వారం వాడి వాటా పెంచు. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలకూ ఇదే దారి. మధ్యలో కన్నడ మాట వస్తే రానీ.

సొంతరాతకు వేరే నోట్సు పెట్టించు. అందులో మార్కులు వేయొద్దని టీచరమ్మకు మొదటిరోజే చెప్పు.

మీ అక్క