జిమ్మాకి ఫిల్టర్ పట్టుకెళ్లండి, పొడి వద్దు

ఇథియోపియాలోని జిమ్మా యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది, పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పడందే ఇద్దరికీ రోజు మొదలవదు, ఎన్ని కిలోల పొడి మోసుకెళ్లాలి అని కదా అడిగారు? ఒక్క గ్రాము కూడా వద్దండీ. మన ఫిల్టర్ మాత్రం సర్దుకోండి. ప్రెషర్ కుక్కర్ కూడా. ఎత్తయిన ప్రాంతం, నీళ్లు వంద డిగ్రీలకు చాలా ముందే మరుగుతాయి, విడి గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. అదే నీళ్లు డికాషన్‌కి మాత్రం బాగా కుదురుతాయి, పొడి మాడిన చేదు రాదు.

నేను అక్కడ కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. మీరు వెళ్తున్నది కాఫీ పుట్టింటికి. మన అరకులో పండే అరబికా జాతి మూలాలు ఇథియోపియా నైరుతి అడవుల్లోనే ఉన్నాయి. జిమ్మా నుంచి బోంగా వైపు వెళ్తే కఫా అడవులు వస్తాయి. పెద్ద చెట్ల నీడన కాఫీ తనంతట తాను మొలిచి ఉంటుంది. 2010లో యునెస్కో ఆ ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. ఒక్కసారైనా చూసి రండి.

పొడి కాదు, పచ్చి గింజలు కొనండి. బజార్లో గోనెసంచుల్లో పోసి అమ్ముతారు. ఎగుమతి గ్రేడు గింజను దేశంలో అమ్మకూడదన్న కట్టుబాటు చాలాకాలంగా ఉంది కాబట్టి దొరికేది రెండో రకమే అనుకోండి. నల్లగింజలు, విరిగినవి, అప్పుడప్పుడూ రాళ్లు. చేటలో పోసుకుని బియ్యంలాగే ఏరుకోవాలి. గుప్పెడు తీసి వాసన చూడండి, ముక్కిపోయిన వాసన వస్తే పక్క కొట్టుకి నడవండి. గింజ రెండో రకమైనా, వేయించిన గంటలోపు తాగే కాఫీకి మనం నెలల తరబడి డబ్బాలో దాచుకునే ఖరీదైన పొడి సాటిరాదు. ఇది నా గట్టి అభిప్రాయం.

ఇక వాళ్ల పద్ధతి. ఇరుగుపొరుగు వాళ్లు ఎవరో ఒకరు మొదటి వారంలోనే ‘బున్నా’కి, అంటే కాఫీకి పిలుస్తారు. పని ఉందని తప్పించుకోకండి, గంటన్నర చేతిలో పెట్టుకుని వెళ్లండి. నేలమీద పచ్చగడ్డి పరుస్తారు, నిప్పుల మీద సాంబ్రాణి వేస్తారు. ఇంటావిడ పీట మీద కూర్చుని గింజలు కడిగి, రేకు పెనం మీద కదుపుతూ వేయిస్తుంది. చిటపటలాడి నూనె తేలాక, పొగలొస్తున్న పెనాన్ని ఒక్కొక్కరి ముందుకీ తెస్తుంది. హారతి కళ్లకద్దుకున్నట్టు ఆ పొగను చేత్తో ముఖం మీదకు తీసుకోవాలి. తర్వాత రోట్లో దంచి, జెబెనా అనే నల్లమట్టి కూజాలో కాచి, పిడిలేని చిన్న కప్పుల్లోకి ఎత్తునుంచి సన్నటి ధారగా పోస్తుంది. పక్కన పాప్‌కార్న్ గానీ వేయించిన బార్లీ గానీ ఉంటాయి. అదే పొడికి మళ్లీ నీళ్లు పోసి మూడు దఫాలు ఇస్తారు: అబోల్, తోనా, బరకా. మొదటిది గొంతు పట్టుకునేంత చిక్కన, మూడోది పలచన. మొదటి కప్పు తాగి లేచిపోవడం మర్యాద కాదు.

పంచదార దండిగా వేస్తారు, వద్దనుకుంటే పోయకముందే చెప్పండి. కొన్ని పల్లెల్లో ఉప్పు గానీ వెన్న గానీ వేసి ఇస్తారు. వెన్న కాఫీ నాకు ఎన్నడూ రుచించలేదు, మర్యాదకు మింగాను. సదాపాకు రెమ్మ ముంచిన కాఫీ మాత్రం ఇప్పటికీ నాలుక మీద ఉంది. మన వైపు పసిపిల్లలకు సదాపాకు వాడిన ఇళ్లవాళ్లకు ఆ వాసన కొత్తకాదు.

ఇంట్లో ఫిల్టర్‌కైతే జిమ్మా గింజే నయం. పండును పండుగానే ఎండబెట్టి తీసిన గింజ కాబట్టి కాఫీ నోటికి నిండుగా తగులుతుంది, పాలకు తట్టుకుంటుంది. కాస్త ముదురుగా వేయించుకోండి. చికోరీ ఉండదు కనుక మీరు అలవాటుపడ్డ నలుపూ చిక్కదనమూ రావు, పొడి ఇంకో చెంచా వేసుకోవాలి, అంతే. దక్షిణాన యిర్గాచెఫ్‌లో పండే గింజ చేతికొస్తే మాత్రం దయచేసి పాలు పోయకండి. నిమ్మతొక్క, మల్లెపువ్వు గుర్తుకొచ్చే ఆ వాసనంతా పాలల్లో మునిగిపోతుంది. తూర్పున పండే హరార్ గింజది ఇంకో దారి, పులిసిన పండ్ల వాసన. మా ఆవిడకు ప్రాణం, నాకు అంతంతమాత్రం.

అడిస్ అబాబా వెళ్లినప్పుడు తొమోకాలో నిలబడి ఒక మకియాతో తాగండి. 1953 నుంచీ నడుస్తున్న దుకాణం, ఇటలీ పద్ధతిలో ముదురు వేపుడు. చిన్న గ్లాసులో చిక్కటి కాఫీ, పైన కాసింత పాలనురుగు. మన స్ట్రాంగ్ కాఫీకి ఆ దేశంలో అన్నింటికన్నా దగ్గరి చుట్టం అదే. బుధ, శుక్రవారాల్లో ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాసం కాబట్టి వాళ్ల ఇళ్లలో మాంసం, పాలు ముట్టరు. ఆ రోజుల్లో ఎవరింటికైనా వెళ్తే పాలు అడగకండి. శాకాహారులైతే మాత్రం హోటళ్లలో మీకు ఆ రెండు రోజులూ పండగే.

సెలవులకు వచ్చేటప్పుడు అమ్మానాన్నలకు తేవాలంటే వేయించి సీలువేసిన ప్యాకెట్లు కొనండి, బిల్లు దగ్గర పెట్టుకోండి. ఎంతవరకు తీసుకెళ్లనిస్తారో బయల్దేరే ముందు విమానాశ్రయం కస్టమ్స్‌లో కనుక్కోండి. పచ్చి గింజలు సూట్‌కేసులో వేసుకుని రావద్దు, మొక్కల తనిఖీ దగ్గర ఆపేసే ప్రమాదం ఉంది.