వీధి బాగుకు లక్షా ఇరవై వేలు: ముందు మీ అద్దె కాగితం తీసి చూడండి

ప్రశ్న: విశాఖ డాబాగార్డెన్స్‌లో పదకొండేళ్లుగా రెడీమేడ్ బట్టల షాపు నడుపుతున్నాను. అద్దె నెలకు 28,000. మా వీధిలో 34 షాపుల వాళ్లం కలిసి ఫుట్‌పాత్ టైల్స్, లైట్లు, సీసీ కెమెరాలు, టాయిలెట్, వీధి మొదట్లో ఒక ఆర్చి పెట్టుకుందామనుకుంటున్నాం. షాపుకు 1,20,000, ఆ తర్వాత నెలకు 1,000. నా దగ్గరున్నది 4 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే. జూన్‌లో పాప ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. ఇవ్వకపోతే అందరిలో చెడ్డవాణ్నవుతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇవ్వండి. కానీ ఒకేసారి వద్దు. అద్దె ఒప్పందం తిరగరాయించుకోకుండా అసలే వద్దు.

మీ ఒప్పందం ఎన్నాళ్లకో మీరు రాయలేదు. చాలామంది రిజిస్టర్ చేయించకుండా 11 నెలల కాగితంతోనే నెట్టుకొస్తుంటారు. మీదీ అదే అయితే, వీధి బాగుపడి గిరాకీ పెరిగాక ఓనరు గారు అద్దె పెంచమంటారు. మీ డబ్బుతో మీ అద్దె మీరే పెంచుకున్నట్టవుతుంది.

లెక్క వేసి చూద్దాం. మీకు అమ్మకం మీద నూటికి 25 మిగులుతుందనుకుందాం, నెలకు 26 రోజులు షాపు తీస్తారనుకుందాం. మూడేళ్లలో వాటా, నెలనెలా కట్టే వెయ్యి తిరిగి రావాలంటే రోజుకు సుమారు 670 రూపాయల అమ్మకం పెరగాలి. ఒకటి రెండు చొక్కాలు ఎక్కువ అమ్మితే సరిపోతుంది. అదే 11 నెలల్లో రాబట్టాలంటే రోజుకు 1,830 దాకా పెరగాలి. అది కష్టం. అందుకే మూడేళ్ల రిజిస్టర్డ్ ఒప్పందం అడగండి. ఏటా అద్దె ఎంత శాతానికి మించి పెరగకూడదో అందులో రాయించండి. టైల్స్, టాయిలెట్ లాంటి మన్నే పనుల్లో సగం ఓనర్లు పెట్టుకోవాలని సంఘం తరఫున అడగండి. ఆస్తి విలువ పెరిగేది వాళ్లకే కదా.

పనుల వరసలో ఆర్చిని చివరికి నెట్టి, టాయిలెట్‌ను ముందుకు తెమ్మని నా మనవి. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే సేల్స్ అమ్మాయిలు బాత్రూమ్‌కి భయపడి మంచినీళ్లు తాగరు. ఈ మాట నాతో ఎంతమంది చెప్పారో. పిల్లలతో వచ్చిన తల్లులు కూడా అందుకే కొనుగోలు సగంలో వదిలేసి వెళ్లిపోతారు. లైట్ల స్తంభాలు మాత్రం గాల్వనైజ్ చేసినవే తీసుకోండి, మన సముద్రపు గాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. నెలకు వెయ్యి వసూలు చేసేది ఇలాంటి మరమ్మతులకే కాబట్టి దాన్ని వేరే ఖాతాలో ఉంచమనండి.

రోడ్డు, కాలువ, వీధి దీపాలు విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీవి. అవి వాళ్ల బాధ్యత కూడా. ఓనర్లు ఆస్తి పన్ను, మీరు ట్రేడ్ లైసెన్సు ఫీజు కడుతున్నారు. వాళ్లు చేయాల్సిన పనులేవో ముందు అర్జీ పెట్టి అడగండి. మిగిలినవాటికి రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే తవ్వండి.

కొందరు ఇవ్వరు, వెలుగు మాత్రం వాళ్లకూ పడుతుంది. కెనడాలోని టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారు వ్యాపారులు 1970లో ఈ చిక్కునే చట్టంతో తీర్చుకున్నారు. అక్కడ ఆ ప్రాంతంలోని వ్యాపారాలన్నీ వాటా కట్టాలి, వసూలు చేసేది నగరపాలకులే. మీ సంఘానికి ఆ అధికారం లేదు. కాబట్టి 34 మందీ ఇస్తారని కాక, పాతికమందే ఇచ్చినా ఆగకుండా నడిచే పనులే మొదలుపెట్టాలి.

డబ్బు ఎవరి సొంత ఖాతాలోనూ వేయకండి. ఏడుగురు ఉంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి. మీ వసూలు మొత్తం 40,80,000. సభ్యుల నుంచి తీసుకునే డబ్బు సేవ కింద లెక్కకొచ్చి ఏడాదిలో 20 లక్షలు దాటితే జీఎస్టీ మాట వస్తుంది, అందుకే రసీదు పుస్తకం కొట్టించకముందే ఆడిటర్‌ని కలవండి. మీ వాటా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఒకే రోజు ఒకరికి 10,000 మించి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా ఒప్పుకోరు. టర్నోవర్ మీద 6 లేదా 8 శాతం లాభం చూపే ప్రిజంప్టివ్ పద్ధతిలో రిటర్న్ వేస్తుంటే మాత్రం ఈ ఖర్చుకు విడిగా మినహాయింపు రాదు.

ఇక ఎఫ్‌డీ. ముందు పాప ఫీజు, తర్వాత ఆరు నెలల అద్దె 1,68,000 పక్కన పెట్టండి. వాటికి చెయ్యి తగలకూడదు. మిగిలినదాంట్లోంచి 40,000 చొప్పున మూడు విడతలు: సంఘం రిజిస్టరయ్యాక ఒకటి, పని సగమయ్యాక ఒకటి, సంక్రాంతి అమ్మకాలు ముగిశాక ఆఖరిది. దీనికోసం ఇంట్లో బంగారం తాకట్టు పెట్టకండి. వచ్చే మీటింగులో మీరే ముందుగా లేచి, నా వాటా విడతలుగా, బిల్లులు చూసి ఇస్తానని చెప్పండి. అదే మాట అనాలని ఎదురుచూసేవాళ్లు ఆ 34 మందిలో ఇంకా ఉంటారు.