బాన్ వెళ్తున్నావటగా బుజ్జీ

బుజ్జీ,

శనివారం నువ్వు ఆ పాతకాలపు సంగీతకారుడు బీథోవెన్ పుట్టిన ఇల్లు చూడ్డానికి బాన్ వెళ్తున్నావని మీ అమ్మ నిన్న చెప్పింది. జర్మనీలో ఆహెన్ వెళ్ళి నాలుగు నెలలన్నా కాలేదు, అప్పుడే ఒక్కదానివే ఊళ్లు తిరిగేస్తున్నావా అని ముందు గుండె గుభేల్‌మంది, తర్వాత పక్కింటాయన్ని పిలిచి మరీ గొప్పగా చెప్పుకున్నా.

ట్రైన్ కొలోన్‌లో మారాలి. గొడుగు పెట్టుకో. మ్యూజియం ఏరోజు మూసేస్తారో సైట్లో చూసుకో. ఇవన్నీ నీకు నేను చెప్పాలా ఏంటి.

1987లో ఆర్నెల్ల ట్రైనింగ్‌కని మమ్మల్ని నలుగుర్ని పంపారు, అప్పుడది పశ్చిమ జర్మనీ, బాన్ రాజధాని. ఓ రోజు బాన్‌గాసే వీధిలో 20వ నంబరు, అదే ఆ బీథోవెన్ ఇంటికెళ్లాం. 1889లో ఆ ఊరివాళ్లు పన్నెండుమంది సంఘం పెట్టి కొనబట్టి గానీ లేకపోతే కూల్చేసేవాళ్లేనట. ఆయన 1770లో పుట్టిందంటున్న గది పైన ఉంటుంది, మన పాతింటి అటక గుర్తొచ్చింది నాకు, మేం చూసినప్పుడు లోపల ఒక్క విగ్రహం తప్ప ఏమీ లేదు. "దీనికా ఇంత దూరం వచ్చింది" అన్నాడు మావాడొకడు.

కింద అద్దాల బీరువాలో రేకు గరాటాల్లాంటివి ఉన్నాయి. చెవిలో పెట్టుకుని వినడానికి మేల్జెల్ అనే ఆయన బీథోవెన్ కోసం చేసిచ్చినవి. నేను గట్టిగా "మన కిరోసిన్ కొట్టు గరాటాలురోయ్" అన్నా, అందరం పగలబడి నవ్వాం, అక్కడున్న ముసలాయన మావైపు అదోలా చూశాడు. కొలోన్‌లో టేప్ రికార్డర్ చూడాలన్న తొందరలో పది నిమిషాల్లో బయటపడ్డాం. అప్పటికే రోజూ బాయిలర్ల షెడ్డులో చెవులకి ఏమీ పెట్టుకోకుండా పనిచేస్తున్నా, పెట్టుకోమని ఇచ్చిన మఫ్‌లు మెడలో వేలాడేసుకుని తిరిగేవాణ్ణి, అవి పెట్టుకుంటే భయపడ్డాడనుకుంటారని. రాత్రి పడుకుంటే చెవుల్లో కీచురాళ్లు అరిచినట్టుండేది. ఇంటికొచ్చాకా ఎవరికీ చెప్పలా, మీ అత్తకి కూడా. ఎనిమిదేళ్లు! పిలిస్తే పలకట్లేదని అది అలిగేది, నేను విననట్టు నటిస్తున్నాననుకునేది, నేనూ అలాగే అనుకోనిచ్చా. ఆ బీథోవెన్ కూడా 1801లో స్నేహితుడు వెగెలర్‌కి రాసిన ఉత్తరంలో అదే చెప్పుకున్నాడు, నాకు చెవుడని చెప్పలేక రెండేళ్లుగా నలుగురిలోకి పోవట్లేదని. అది చదివేసరికి నాకు యాభై దాటాయి. టేప్ రికార్డర్ ఇంకా ఉందిలే, పాట పెడితే వేణువు దగ్గర నాకు ఖాళీగా ఉంటుంది.

అందుకే నిద్రలో కూడా ఆ ఇయర్‌ఫోన్లేంటే నీకు? మీ అమ్మ చెప్పింది, అది చాడీలు కాదు. అక్కడ ఆడియో గైడ్ ఇస్తే సౌండ్ తగ్గించి పెట్టుకో. విసుక్కున్నా సరే.

ఆ గరాటాల దగ్గర మాత్రం కాసేపు నిలబడు, నాకోసం. టైముంటే పాత శ్మశానానికీ వెళ్లు, బీథోవెన్ వాళ్లమ్మ సమాధి ఉంది. 1787లో ఆవిడకి జబ్బని తెలిసి వియన్నా నుంచి వెనక్కి పరిగెత్తుకొచ్చాడు పదహారేళ్ల కుర్రాడు, జూలైలో ఆవిడ పోయింది. నువ్వు మాత్రం మీ అమ్మకి రోజూ ఫోన్ చెయ్యి, జబ్బు కబురు దాకా ఆగక్కర్లా.

అక్కణ్ణుంచి నాకూ వీడియో కాల్ చెయ్యి. ఇల్లంతా చూపించాలని ఫోన్ తిప్పేస్తావేమో, మాట్లాడేటప్పుడు మాత్రం మొహం ఇటు పెట్టు, పెదాలు కనపడితే సగం అర్థమైపోతుంది నాకు. మిగతా సగం మీ అత్త పక్కనే కూర్చుని అరుస్తుందిలే.

మీ మావయ్య