పైవాళ్లు చెబితే ఎందుకు చేస్తాం: కడప బడిలో నాకు తెలిసివచ్చింది

తప్పని తెలిసినా పైవాళ్లు చెప్పిన పని మనుషులు ఎందుకు చేస్తారు, భయమే కారణమా అని అడిగారు. భయం కొంతవరకే. అలాంటి పని నేనే చేశాను కాబట్టి చెబుతున్నాను.

బీఈడీ అయ్యాక కడపలో ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతికి క్లాస్ టీచరుగా చేరాను. మార్చిలో కరస్పాండెంట్ గారు ఫీజు బకాయిల జాబితా చేతికిచ్చారు. మొదటి రోజు పేర్లు చదవమన్నారు, అంతే. మర్నాడు ఆ పిల్లలను నిలబెట్టమన్నారు. తర్వాత వరండాలోకి పంపమన్నారు. వారం తిరిగేసరికి పదకొండు మంది పిల్లలు ప్రార్థన మైదానంలో, కడప ఎండలో నిలబడి ఉన్నారు. తొలిరోజే ఎండలోకి పంపమని ఉంటే ఎదురు చెప్పేవాణ్ణని ఇప్పటికీ నమ్ముతాను. కానీ నిన్న వరండాలోకి పంపినవాడు ఈరోజు నాలుగు మెట్లు దింపనని ఏ ముఖం పెట్టుకుని అంటాడు? అలా అంటే నిన్నటిదీ తప్పేనని ఒప్పుకోవాలి.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వవేత్త 1961లో మొదలుపెట్టిన ప్రయోగాల గురించి చదివినప్పుడు నాకు ముందు ఆ మెట్లే గుర్తొచ్చాయి. ప్రయోగానికి వచ్చినవారు, పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పిన ప్రతిసారీ, ప్రయోగం నడిపే వ్యక్తి ఆదేశించినట్టు షాకు పెంచాలి. 15 వోల్టుల నుంచి 450 దాకా, పదిహేనేసి చొప్పున 30 స్విచ్‌లు. షాకులు ఉత్తుత్తివే, కానీ నొక్కేవారికి ఆ సంగతి తెలియదు. 40 మందిలో 26 మంది చివరి స్విచ్ వరకు వెళ్లారు. వారికిచ్చిన నాలుగున్నర డాలర్లు వచ్చినందుకే, ఏం జరిగినా తమవేనని ముందే చెప్పారు. ఉద్యోగం పోయే ప్రమాదమూ లేదు. చెమటలు పట్టాయి, వణికారు, అయినా నొక్కారు.

అలాంటప్పుడు మనిషి తనను ఇంకొకరి ఇష్టాన్ని నెరవేర్చే పనిముట్టుగా చూసుకుంటాడని మిల్‌గ్రామ్ వివరణ. హస్లం, రైకర్ అనే మనస్తత్వవేత్తలు దీనితో ఏకీభవించలేదు. సైన్సుకు మేలు చేస్తున్నామన్న నమ్మకంతోనే వాళ్లు ముందుకు వెళ్లారని వారి వాదన. నాలో రెండూ ఉన్నాయి. ‘సార్ చెప్పారు’ అనుకున్నాను. ‘ఫీజులు రాకపోతే మా జీతాలు ఎలా’ అనీ అనుకున్నాను.

ఒకరోజు కరస్పాండెంట్ గారు ప్రొద్దుటూరు వెళ్లి, అక్కడి నుంచి ఫోను చేసి “పంపించారా?” అని అడిగారు. “పంపాను సార్” అన్నాను. పిల్లలు బెంచీల మీదే ఉన్నారు. యేల్‌లోనూ ఆదేశాలు ఫోనులో ఇచ్చినప్పుడు చివరిదాకా వెళ్లినవారు ఐదో వంతు దగ్గరికి పడిపోయారు. కొందరైతే తక్కువ షాకే ఇస్తూ, పెంచుతున్నామని చెప్పారు. అది చదివి చాలాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను.

ఈ వ్యవహారాన్ని ఆపింది నేను కాదు, హిందీ మేడం. స్టాఫ్ రూములో అందరి ముందూ, గొంతు పెంచకుండా, “నా పిల్లలను నేను పంపను సార్. కావాలంటే మీరే వచ్చి పంపండి” అన్నారు. బాధ్యతను తీసుకెళ్లి ఆయన చేతిలోనే పెట్టారు. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు మరో ముగ్గురం పంపలేదు. పక్కనున్న ఇద్దరు కాదన్నప్పుడు మిల్‌గ్రామ్ దగ్గర కూడా 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు.

ఆ ఉదయం హాజరు తీసుకుంటుండగా, మూడో బెంచీలోని అమ్మాయి తన పేరు రాకముందే జామెట్రీ బాక్సు మూసి సంచీలో పెట్టుకుని లేచింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఎవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూసింది. రెండోసారి చెప్పాకే కూర్చుంది.