హార్డ్లీ కడుపులో ఒక 'లేదు'

బిడ్డా,

నువ్వు పంపిన ఉద్యోగం దరఖాస్తు చదివాను. అంతా బాగుంది గానీ, రెండో పేరాలో 'ఐ వర్క్‌డ్ హార్డ్లీ ఫర్ టూ ఇయర్స్' అని రాశావు. రెండేళ్లు ఒళ్లు వంచి పనిచేశానని నీ ఉద్దేశం. చదివేవాళ్లకు మాత్రం ఈ పిల్ల రెండేళ్లలో చేసిందేమీ లేదన్నట్టు తోస్తుంది. చిన్నబోకు, ఇదే తప్పు నేనూ చేశాను. టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూలో 'ఐ విల్ వర్క్ హార్డ్లీ, సార్' అని ఛాతీ విరిచి చెప్పాను. ఎదురుగా కూర్చున్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకో ఇంటికొచ్చి డిక్షనరీ తీసేదాకా అర్థం కాలేదు.

తప్పంతా మన 'గా'ది. 'గా' చేరితే 'నెమ్మది' 'నెమ్మదిగా' అవుతుంది, 'గట్టి' 'గట్టిగా' అవుతుంది. ఇంగ్లీషులో 'లీ' తగిలిస్తే అదే పని జరుగుతుందనుకుంటాం. స్లో స్లోలీ అయినప్పుడు హార్డ్ హార్డ్లీ ఎందుకు కాదు? ఎందుకంటే 'కష్టమైన', 'కష్టపడి' రెండింటికీ హార్డ్ ఒక్కటే సరిపోతుంది. 'షి వర్క్స్ హార్డ్', అంతే.

హార్డ్లీకీ పూర్వం గట్టిగా అనే అర్థం ఉండేది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ధనవంతుడు పరలోక రాజ్యంలోకి 'హార్డ్లీ' ప్రవేశిస్తాడని ఉంటుంది. అక్కడ 'కష్టం మీద' అని అర్థం. కష్టం మీద జరిగేది జరిగీ జరగనట్టే కదా. అట్లా జారి జారి ఇప్పుడు 'దాదాపు లేదు' దగ్గర ఆగింది.

కాబట్టి దాని కడుపులోనే ఒక 'లేదు' ఉంది. పక్కన ఇంకో 'నాట్' పెట్టొద్దు. ఎండాకాలం మన బత్తాయి తోటలో బోరు దగ్గర నిలబడి 'దేర్ ఈజ్ హార్డ్లీ ఎనీ వాటర్' అనుకో, జన్మలో మరిచిపోవు. నీళ్లు లేనట్టే అని. 'ఐ కాంట్ హార్డ్లీ' అని మాటల్లో అనేవాళ్లున్నారు, రాతలో మాత్రం వద్దు. చివర ప్రశ్న తగిలించినా ఆ 'లేదు' బయటపడుతుంది: 'ఇట్ హార్డ్లీ రెయిన్స్ హియర్ ఇన్ ఏప్రిల్, డజ్ ఇట్?' ఇక్కడ 'డజంట్ ఇట్' రాదు.

చోటు కూడా చూసుకో. హార్డ్ పనిని చెప్పే మాట తర్వాత వస్తుంది, హార్డ్లీ దానికి ముందు: 'ఐ హార్డ్లీ స్లెప్ట్'. రాత్రి కన్ను అంటీ అంటనట్టు పడుకున్నానని. 'కెన్', 'హ్యావ్' లాంటివి ఉంటే వాటి తర్వాత: 'ఐ కెన్ హార్డ్లీ హియర్ యూ'. ఫోన్లో నీతో నేను రోజూ అనే మాట.

నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. బస్సు నార్కట్‌పల్లి దాటిందో లేదో, టైరు పంక్చరయింది అంటాం చూడు. దానికి సరిగ్గా సరిపోయే ఇంగ్లీషు: 'హార్డ్లీ హ్యాడ్ ద బస్ క్రాస్డ్ నార్కట్‌పల్లి వెన్ ద టైర్ వెంట్ ఫ్లాట్.' మన 'దాటిందో లేదో'లోనూ ఒక 'లేదు' ఉంది, గమనించావా? ఇక్కడ 'వెన్' రావాలి. 'దాన్' అనేది 'నో సూనర్'కు జోడీ, మా స్టాఫ్‌రూములోనే చాలామంది కలిపేసేవారు.

దరఖాస్తులో ఆ వాక్యాన్ని 'ఐ వర్క్‌డ్ హార్డ్ ఫర్ టూ ఇయర్స్' అని మార్చు. మార్చాక పంపే ముందు నాకోసారి చదివి వినిపించు. కొంచెం గట్టిగా చదువు.

మీ పెద్దనాయన,
నల్లగొండ